కంపెనీ ఆఫ్ హీరోస్: వెనక్కి పిలవడం నేర్పే యుద్ధక్రీడ

రియల్-టైమ్ స్ట్రాటజీ గేముల్లో సాధారణంగా సైనికుడి ప్రాణం చాలా చవక. బేస్‌లో ఒక భవనం కట్టి, మౌసుతో నాలుగుసార్లు నొక్కితే నలుగురు తయారవుతారు. వాళ్లు పోతే మరో నలుగురు వస్తారు. వేగంగా నొక్కేవాడిది, ఎక్కువమందిని పోగుచేసి ఒక్కసారిగా మీద పడేవాడిది పైచేయి. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన రెలిక్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేయగా టీహెచ్‌క్యూ సంస్థ 2006 సెప్టెంబరులో విడుదల చేసిన ‘కంపెనీ ఆఫ్ హీరోస్’ ఈ లెక్కను మార్చివేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ పోరాటాన్ని ఇతివృత్తంగా తీసుకున్న ఈ గేములో గెలవాలంటే శత్రువును దెబ్బతీయడం తెలిస్తే చాలదు, మన మనుషులను బతికించుకోవడం తెలియాలి. ఇన్నేళ్ల తరువాత కూడా దీన్ని మళ్లీ మళ్లీ ఆడాలనిపించడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం. ఈ సమీక్ష అంతా దాదాపుగా ఆ ఒక్క మాటకు వివరణే.

మన దగ్గర ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత చెల్లించి ఆడుకున్న తరానికి స్ట్రాటజీ గేమంటే ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’, లేదా ‘కమాండ్ అండ్ కాంకర్: జనరల్స్’. కట్టెలు కొట్టించడం, బంగారం తవ్వించడం, పొలాలు వేయించడం, ఆ సంపదతో సైన్యాన్ని పెంచడం ఆ కాలపు ఆటగాళ్లందరికీ అలవాటైన వరుస. అవి గొప్ప గేములే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ వాటిలో మొదటి పది నిమిషాలూ తరచుగా ఇంటి లెక్కలతోనే గడిచిపోతాయి. యుద్ధం ఆ లెక్కల ఫలితంగా తరువాత వస్తుంది. కంపెనీ ఆఫ్ హీరోస్‌లో అలాంటి విరామం లేదు. ఆట మొదలైన రెండు మూడు నిమిషాల్లోనే ఏదో ఒక కంచె దగ్గర, ఏదో ఒక పెంకుటింటి ముందు మన దళం ప్రత్యర్థి దళానికి ఎదురుపడుతుంది. ఎందుకంటే ఇక్కడ సంపద గనుల్లోనో అడవుల్లోనో లేదు, నేలలోనే ఉంది.

మ్యాపు మొత్తం చిన్న చిన్న భూభాగాలుగా విభజించబడి ఉంటుంది. ప్రతి భూభాగంలో ఒక జెండా స్తంభం ఉంటుంది. సైనికులు అక్కడికి వెళ్లి కాసేపు నిలబడితే ఆ భూభాగం మనదవుతుంది. కొన్నింటి నుంచి మందుగుండు వస్తుంది, కొన్నింటి నుంచి ఇంధనం వస్తుంది, ఎక్కువ భూభాగం చేతిలో ఉంటే పెంచుకోగల సైన్యం పరిమితి కూడా పెరుగుతుంది. ఇంతవరకూ ఇది రెలిక్ సంస్థే 2004లో తెచ్చిన ‘డాన్ ఆఫ్ వార్’లో మొదలైన ఆలోచనే. దానికి ఈ గేము చేర్చిన ఒకే ఒక నియమం ఆటను పూర్తిగా వేరే స్థాయికి తీసుకువెళ్లింది: ప్రతి భూభాగమూ మన ప్రధాన స్థావరంతో తెగని గొలుసులా కలిసి ఉండాలి. పైన ఎక్కడో కాలువకు గండి పడితే దిగువ పొలాలకు నీరు అందనట్టే, మధ్యలో ఒక్క భూభాగాన్ని శత్రువు లాక్కుంటే దాని అవతల మన చేతిలో ఉన్నవన్నీ పనికిరాకుండా పోతాయి. జెండాలు మనవే, సైనికులు అక్కడే ఉన్నారు, అయినా చుక్క ఇంధనం రాదు.

ఈ నియమం వల్ల ఆటగాడి కళ్లు మ్యాపు మీద పడే తీరే మారిపోతుంది. గొప్ప ఇంధన క్షేత్రాన్ని పట్టుకోవడం కంటే, దానికీ స్థావరానికీ మధ్య ఉన్న ఎందుకూ కొరగానట్టు కనిపించే ఒక మట్టిదారిని కాపాడుకోవడం ముఖ్యమని కొన్ని ఓటముల తరువాత అర్థమవుతుంది. ఎదుటివాడి ట్యాంకులను నేరుగా ఎదుర్కోలేనప్పుడు, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లను చాటుగా పంపి వెనకాల ఆ దారిని తెంపితే, ఆ ట్యాంకుల తరువాతి ట్యాంకు రావడం ఆలస్యమవుతుంది. నిజమైన యుద్ధంలో సేనాపతుల తలలు తినేసే సరఫరా సమస్యను పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, దాన్ని ఒంటికి తెలిసేలా చెప్పినది నాకు ఈ గేమే.

ఇక అసలు పోరాటం దగ్గరకు వద్దాం. ఇక్కడ మనం ఒక్కొక్క సైనికుడిని కాక, దళాలను నడుపుతాం. అమెరికన్ రైఫిల్ దళంలో ఆరుగురు ఉంటారు. వాళ్లను ఎక్కడికి పంపాలో చూపినప్పుడు నేల మీద చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. రాతిగోడ వెనుకైతే అవి పచ్చగా, పొదల చాటునో కంచె వెంటో అయితే పసుపుగా, ఏ చాటూ లేని తారు రోడ్డు మీదైతే ఎర్రగా ఉంటాయి. అంకెలు, పట్టికలు ఏమీ అక్కర్లేకుండానే, ఎక్కడ నిలబడితే బతుకుతారో ఎక్కడ నిలబడితే పోతారో ఆ మూడు రంగులు చెప్పేస్తాయి. అంతకంటే ముచ్చటైన విషయం ఏమిటంటే, ఈ చాటు స్థిరంగా ఉండదు. ట్యాంకు వచ్చి కంచెను తొక్కేస్తే ఆ చాటు పోతుంది. ఫిరంగి గుండు పడి బహిరంగ మైదానంలో గొయ్యి ఏర్పడితే, ఇందాకటిదాకా దాటడానికి వీల్లేని ఆ మైదానంలో తలదాచుకునే చోటు పుడుతుంది. నలభై నిమిషాల పోరు ముగిసేసరికి మ్యాపు మొదట చూసిన మ్యాపులా ఉండదు.

ఒక సందర్భాన్ని కాస్త దగ్గరగా చూపిస్తే ఈ గేము రుచి తెలుస్తుంది. ఇరువైపులా దట్టమైన పొదల గట్లున్న ఒక సన్నని దారి. దారి చివర జర్మన్ మెషిన్‌గన్ దళం కాచుకుని ఉంది. మన రైఫిల్ దళాన్ని తిన్నగా ఆ దారిన పంపితే, అవతలి తుపాకి మొదలైన క్షణంలో చచ్చిపోయేది బహుశా ఒక్కరే. కానీ మిగిలిన ఐదుగురూ నేలకు కరుచుకుపోతారు. నడక పాకుడుగా మారుతుంది, గురి తప్పుతుంది; ఇంకొన్ని క్షణాలు అలాగే ఉంటే పూర్తిగా అణగిపోయి కదలరు, కాల్చరు, మనం ఇచ్చే ఏ ఆజ్ఞనూ పాటించరు. ఆ మెషిన్‌గన్ పని ప్రధానంగా చంపడం కాదు, భయపెట్టి పడేయడం. అయితే దానికొక బలహీనత ఉంది: అది తన ముందున్న త్రికోణంలోకి మాత్రమే కాల్చగలదు, వేరే వైపు తిప్పి నిలబెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒక దళం పొదల చాటున ఉండి దాని దృష్టిని పట్టి ఉంచగా, రెండో దళం గట్టు అవతల నుంచి చుట్టూ తిరిగి పక్కకు చేరి ఒక గ్రెనేడు విసిరితే, కథ తారుమారవుతుంది. తుపాకి నడిపేవాళ్లు పోతే తుపాకి నేల మీదే పడి ఉంటుంది. మన మనుషులే దాన్ని ఎత్తుకుని, అదే గట్టు మీద, అటువైపు గురిపెట్టి కూర్చోవచ్చు.

ఇందులో ఒక్కటి కూడా వేళ్ల వేగంతో సాధించేది కాదు. ముందుగా చూడటం, ఒకరిని ఆపి మరొకరిని నడపడం, కాస్త ఓపిక పట్టడం, ఇవే కావలసినవి. సైనిక వ్యూహమంటే పెద్ద పెద్ద పటాల మీద గీతలు గీయడమనుకునేవారికి, పదిహేను గజాల దారి మీద ఇంత ఆలోచన పట్టడం ఆశ్చర్యంగా ఉంటుంది. నాకు ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే చుట్టూ తిరిగి వెళ్లిన దళం సకాలంలో చేరలేదనుకోండి, లేదా అక్కడ మరో మెషిన్‌గన్ ఉందనుకోండి. అప్పుడేం చేయాలన్న ప్రశ్నకు ఈ గేము ఇచ్చే సమాధానం రిట్రీట్ మీట. ఆ మీట నొక్కితే దళం చేస్తున్న పనిని వదిలేసి, దారిలో ఏమున్నా ఆగకుండా, ప్రధాన స్థావరానికి పరుగెత్తుతుంది. మధ్యలో మన మాట వినదు. చేరేవరకూ దాన్ని మళ్లించలేం. పరుగెత్తుతున్న వాళ్లకు గుళ్లు తగిలే అవకాశం తక్కువగా ఉండేలా గేము ఏర్పాటు చేసింది. నేలకు అణగిపోయి, మరే ఆజ్ఞకూ లేవని దళం కూడా ఈ ఒక్క పిలుపుకు లేస్తుంది. స్థావరానికి చేరిన తరువాత, పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను చేర్చుకోవచ్చు. ఆ ఖర్చు కొత్త దళాన్ని మొత్తంగా తయారుచేయడానికయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. పైగా దళం సంపాదించుకున్న అనుభవం, మందుగుండు ఖర్చుపెట్టి కొనిచ్చిన మంచి ఆయుధాలు అలాగే నిలుస్తాయి. ఆరుగురిలో ఇద్దరు మిగిలి తిరిగొచ్చినా ఆ దళం బతికినట్టే. ఆరో మనిషి కూడా పడిపోయాక మాత్రం అంతా మొదటికి వస్తుంది.

కాబట్టి ప్రతి ఎదురుకాల్పుల్లోనూ ఆటగాడు ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంటూనే ఉండాలి: ఇంకొంచెం నిలబడితే ఈ చోటు దక్కుతుందా, లేక ఇప్పుడే వెనక్కి పిలవాలా? తొందరగా పిలిస్తే చేతికందిన భూభాగం జారిపోతుంది, ఆ దళం తిరిగి ముందుకు రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆలస్యంగా పిలిస్తే ఎవరూ మిగలరు. అనుభవం లేనివాళ్లు మొండిగా నిలబడి మనుషులను పోగొట్టుకుంటారు. ఆట తెలిసినవాళ్లు సరైన క్షణంలో భూమిని వదిలి మనుషులను దక్కించుకుంటారు. ఆన్‌లైన్‌లో మంచి ఆటగాళ్ల పోరు చూస్తే, వారి గొప్పతనం దాడుల్లో కంటే ఈ వెనుకడుగుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. వెనక్కి తగ్గడాన్ని అవమానంగా చూపించే యుద్ధ గేములు ఎన్నో ఉండగా, దాన్ని ఇంత గౌరవంగా, ఆటకు ఆయువుపట్టుగా నిలబెట్టిన గేము నా ఎరుకలో ఇదే.

ఈ దృష్టి గేములోని చిన్న చిన్న ఏర్పాట్లలో కూడా కనిపిస్తుంది. అమెరికన్ పక్షాన వైద్య శిబిరం కడితే, అక్కడి వైద్య సిబ్బంది స్ట్రెచర్లతో రణరంగంలోకి వెళ్లి గాయపడినవారిని మోసుకొస్తారు. అలా తగినంతమంది పోగయ్యాక, వారితోనే ఒక కొత్త దళం ఉచితంగా లభిస్తుంది. సైన్యం పెరిగేకొద్దీ దాన్ని పోషించే ఖర్చు పెరిగి, కొత్త మనుషుల రాక నెమ్మదిస్తుంది. అందువల్ల గుంపును పెంచడం కంటే ఉన్నవారిని చక్కగా వాడుకోవడమే లాభం. జర్మన్ పక్షాన టెర్రర్ అనే సిద్ధాంతాన్ని, అంటే ఒక ప్రత్యేక పోరాట పద్ధతిని, ఎంచుకుంటే ప్రచార యుద్ధం అనే శక్తి దొరుకుతుంది: అది ఒక్క గుండు కూడా పేల్చకుండా, ఎంచుకున్న చోట ఉన్న శత్రు దళాలను బలవంతంగా వెనక్కి పరుగెత్తిస్తుంది. మనుషుల ధైర్యాన్ని కూడా మందుగుండులా ఒక వనరుగా లెక్కించిన రూపకర్తల ఆలోచనకు ఇది మంచి ఉదాహరణ.

సిద్ధాంతాల సంగతి వచ్చింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికన్లకు పదాతి, వైమానిక, కవచ (ట్యాంకుల) సిద్ధాంతాలు మూడు. జర్మన్లకు రక్షణ, మెరుపుదాడి, టెర్రర్ అనేవి మూడు. ఒక పోరులో వీటిలో ఒక్కదాన్నే ఎంచుకోగలం. వైమానికాన్ని ఎంచుకుంటే పారాచూట్ దళాలు, ఆకాశం నుంచి దిగే సామగ్రి, శత్రువుల మీద గుళ్లు కురిపించే విమానాలు వస్తాయి. పదాతిని ఎంచుకుంటే రేంజర్ దళాలు, దూరపు ఫిరంగులు వస్తాయి. రెండు పక్షాలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండవు. జర్మన్లు తమ సైనికుల అనుభవాన్ని ఖర్చుపెట్టి కొనుక్కుంటారు, అమెరికన్లు దాన్ని పోరాడి సంపాదించుకోవాలి. ఈ తేడా వల్ల అమెరికన్ ఆటగాడికి పాత దళం మీద మమకారం ఎక్కువ, దాన్ని కోల్పోతే కలిగే బాధా ఎక్కువ.

ట్యాంకుల ప్రవేశంతో ఆట స్వభావం ఒక్కసారిగా మారుతుంది. అంతవరకూ గోడ చాటున నిబ్బరంగా ఉన్న రైఫిల్ దళం, ట్యాంకు ఇంజను మోత వినపడగానే నిస్సహాయంగా మారిపోతుంది, ఎందుకంటే దాని గుళ్లు ఆ ఇనుప గోడను ఏమీ చేయలేవు. ట్యాంకు ముందుభాగం కంటే వెనుకభాగం పలచన. అందుకే అమెరికన్ షెర్మన్ ట్యాంకుతో జర్మన్ టైగర్ ట్యాంకును ఎదురుగా ఢీకొనడం ఆత్మహత్యతో సమానం. మందుపాతరతో దాని కదలికను దెబ్బతీసి, ఒకటి ముందు నుంచి కవ్విస్తూ ఉండగా మరొకటి వెనక్కి చేరాలి. దెబ్బ తగిలిన చోటును బట్టి ట్యాంకు ఇంజను పాడవచ్చు, ఫిరంగి పనిచేయకుండా పోవచ్చు, లేదా ఉన్నచోటే కదలలేక నిలిచిపోవచ్చు. ట్యాంకులకు రిట్రీట్ మీట లేదు. వాటిని మనమే చేతులారా నడిపి బయటపడేయాలి. ఇరుకు వీధిలో చిక్కుకున్న ట్యాంకును, వెనుక నుంచి వస్తున్న శత్రువు చేరేలోపు బయటకు తీసుకురావడానికి పడే తాపత్రయం ఈ గేములోని అత్యంత ఉత్కంఠభరితమైన ఘట్టాల్లో ఒకటి.

ఒంటరిగా ఆడేవారి కోసం ఉన్న కథ 1944 జూన్ 6న ఒమాహా తీరంలో దిగడంతో మొదలై, ఆగస్టులో ఫలేజ్ వద్ద జర్మన్ సేనలు చుట్టుముట్టబడటంతో ముగుస్తుంది. 29వ పదాతి డివిజన్‌లోని ఏబుల్ కంపెనీ, 101వ వైమానిక డివిజన్‌లోని ఫాక్స్ కంపెనీ ఇందులో మన చేతికి వస్తాయి. కథలోని పాత్రలు గుర్తుండిపోయేవి కావు. వారి సంభాషణలు యుద్ధ చిత్రాల్లో విని విని అరిగిపోయినవే. కానీ ఘట్టాల కూర్పు మాత్రం అద్భుతం. నాకు అన్నిటికంటే నచ్చినది కారెంటాన్ ఎదురుదాడి. రెండు అమెరికన్ తీరస్థావరాలను కలిపే దారిలో ఉన్న ఆ చిన్న పట్టణాన్ని 101వ డివిజన్ జూన్ 12న పట్టుకుంది; మరునాడే జర్మన్లు తిరిగి దాడి చేశారు. గేములో ముందు ఒక ఘట్టంలో వీధి తరువాత వీధిగా మనమే ఆ పట్టణాన్ని గెలుస్తాం. వెంటనే తరువాతి ఘట్టంలో అదే పట్టణాన్ని కాపాడాలి. ఇందాక మనల్ని ఏడిపించిన కిటికీ ఇప్పుడు మనకు ఆధారమవుతుంది, ఇందాక మనం కూల్చిన గోడ లేకపోవడం ఇప్పుడు మనకే నష్టమవుతుంది. ఏ సందు ఎటు తేలుతుందో తెలిసిన చోటును కాపాడటంలో ఉండే ఆత్మీయత, కొత్త మ్యాపులో ఎంత గొప్ప యుద్ధం పెట్టినా రాదు.

సెయింట్ లో పట్టణానికి ముందు వచ్చే 192వ కొండ ఘట్టం దీనికి పూర్తి భిన్నం. ఆ అంకె కొండ ఎత్తు, మీటర్లలో. పైనుంచి ఫిరంగి గుళ్లు కురుస్తూ ఉండగా, కింద నుంచి అంచెలంచెలుగా ఎక్కాలి. కొన్ని ఘట్టాలు మాత్రం వంతెనలను, లారీల వరుసలను కాపాడే మామూలు పనులే; వాటి గురించి చెప్పుకోవలసినంత లేదు.

ధ్వని గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. సైనికుల మాట తీరు వారి పరిస్థితిని బట్టి మారుతుంది. చాటుగా నడుస్తున్నప్పుడు, ఎవరూ లేని తోటలో నిలబడినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. కాల్పులు మొదలయ్యాక అదే ఆజ్ఞకు అరుస్తూ బదులిస్తారు. తోటివారు పడిపోయినప్పుడు ఆ కేకల్లో బెదురు వినిపిస్తుంది. మ్యాపులో మరో మూల చూస్తున్నా, ఆ గొంతును బట్టే ఏ దళం కష్టంలో ఉందో తెలుస్తుంది. దృశ్యపరంగా చూస్తే, 2006 నాటి గేము ఇంతగా నిలిచి ఉండటం విశేషం. కెమెరాను బాగా దగ్గరకు తెచ్చి చూస్తే, గోడ దూకేటప్పుడు సైనికుడు చేయి ఆనించడం, పేలుడు దెబ్బకు ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా రాలడం స్పష్టంగా కనిపిస్తాయి. అప్పట్లో విమర్శకులు దీనికి ఏకగ్రీవంగా నీరాజనాలు పట్టారు. సమీక్షల సగటును లెక్కించే మెటాక్రిటిక్‌లో దీని స్కోరు 93. ఆ అంకెకు ఇది అర్హమైనదే.

ఇతరులతో ఆడేటప్పుడు గెలుపు నిర్ణయించే పద్ధతుల్లో అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉన్నది విజయ స్థానాల పద్ధతి. మ్యాపులో సాధారణంగా మూడు నక్షత్ర స్థానాలుంటాయి. ఎక్కువ స్థానాలు ఎవరి చేతిలో ఉంటే, ఎదుటివారి పాయింట్ల అంకె తరుగుతూ పోతుంది. ఇందులో గొప్ప సుగుణం ఏమిటంటే, ఎవరూ గుహలో దాక్కున్నట్టు స్థావరంలో కూర్చోలేరు. ఓడిపోతున్నవారికి కూడా చివరి క్షణం వరకూ ఆశ ఉంటుంది. అంకె ఇరవైకి, పదికి పడిపోయాక, ఉన్న రెండు దళాలతో నడిమి నక్షత్రాన్ని లాక్కుని ఆటను తిరగేసిన పోరాటాలు ఈ గేము ఆడేవారందరికీ ఎదురయ్యే అనుభవమే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, అవి చిన్నవీ కావు. వాహనాలు దారి వెతుక్కునే తీరు బాగాలేదు. వెనక్కి రమ్మంటే, ట్యాంకు అక్కడే గుండ్రంగా తిరిగి తన పలచని వెనుకభాగాన్ని శత్రువుకు అప్పగించడం చూసినప్పుడు కలిగే నిస్పృహ అంతా ఇంతా కాదు. మనుషులను జాగ్రత్తగా చూసుకోమని నేర్పే గేములో ఈ లోపం మరీ బాధిస్తుంది. కంప్యూటరు నడిపే ప్రత్యర్థి కొన్ని ఆటల తరువాత ఊహకు అందిపోతుంది. మూల గేము కథలో జర్మన్ పక్షాన ఆడే వీలు లేదు. 2007లో వచ్చిన ‘ఆపోజింగ్ ఫ్రంట్స్’లో బ్రిటిష్ సేనతో కాన్ నగరం, జర్మన్ పాంజర్ ఎలీట్ సేనతో హాలండ్ పోరాటం చేరాయి కానీ, ఆ రెండు కొత్త పక్షాలూ మొదటి రెండింటికున్న తూకాన్ని అందుకోలేదు. 2009 నాటి ‘టేల్స్ ఆఫ్ వేలర్’ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గేములో మాటలు కానీ, రాతలు కానీ తెలుగులో లేవు. కథను పూర్తిగా అనుసరించాలంటే ఇంగ్లీషు వచ్చి ఉండాలి, పోరాటం మాత్రం భాష లేకుండానే అర్థమవుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే లోటు మరొకటి ఉంది. ఈ గేములోని ఊళ్లలో జనం లేరు. ఇళ్లున్నాయి, చర్చిలున్నాయి, పశువుల కొట్టాలున్నాయి. వాటిలో ఉండవలసినవారు మాత్రం ఎక్కడా కనిపించరు. నార్మండీ పోరాటంలో సుమారు 20,000 మంది ఫ్రెంచి పౌరులు మరణించారు. జులై 18న అమెరికన్ల చేతికి వచ్చేసరికి సెయింట్ లో పట్టణం దాదాపుగా శిథిలాల కుప్ప. సైనికుడి ప్రాణానికి ఇంత విలువ ఇచ్చిన గేము, ఆ ఇంట్లో ఉన్న ముసలమ్మ ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మెషిన్‌గన్ దాగి ఉన్న ఇంటిని ఫిరంగితో కూల్చాలా, లేక మనుషులను పణంగా పెట్టి లోపలికి పంపాలా అన్నది నిజమైన సేనాధికారులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న; గేములో అది మందుగుండు ఖర్చు లెక్క మాత్రమే. అలాగే జర్మన్ సైన్యాన్ని కేవలం క్రమశిక్షణ గల ఒక క్రీడాపక్షంగా చూపడం వల్ల, ఆ సైన్యం ఏ పాలన కోసం పోరాడిందో, ఏ ఘోరాల్లో పాలుపంచుకుందో తెలియని పిల్లలకు తప్పుడు చిత్రం ఏర్పడే ప్రమాదం ఉంది. పిల్లలు ఆడుతుంటే పెద్దలు పక్కన కూర్చుని ఆ చరిత్ర కూడా చెప్పాలి. హింస, రక్తం స్పష్టంగా చూపించే గేము కాబట్టి చిన్న పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

తరువాతి భాగాల గురించి కూడా ఒక మాట. 2012 డిసెంబరులో టీహెచ్‌క్యూ దివాలా తీయడంతో, 2013 ఆరంభంలో రెలిక్ సంస్థ జపాన్ గేముల సంస్థ సెగా చేతికి వెళ్లింది. అదే ఏడాది వచ్చిన రెండో భాగం సోవియట్ యూనియన్, జర్మనీల మధ్య సాగిన తూర్పు రంగానికి తీసుకువెళుతుంది. మంచు తుపానులో చలికి సైనికులు ప్రాణాలు కోల్పోవడం, బరువుకు నదిపై మంచు పగలడం అందులోని కొత్త అంశాలు. సోవియట్ సైన్యాన్ని చిత్రించిన తీరు రష్యాలో తీవ్ర నిరసనకు దారితీసి, అక్కడ అమ్మకాలు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన మూడో భాగం ఇటలీ, ఉత్తర ఆఫ్రికా పోరాటాల గురించినది. ఇది మనకు మరింత దగ్గరి విషయం, ఎందుకంటే ఇటలీలో 4వ, 8వ, 10వ భారత డివిజన్లు పోరాడాయి. మోంటె కసీనో కోసం జరిగిన భీకర పోరులో 4వ డివిజన్ భారీగా నష్టపోయింది. ఈ గేములో బ్రిటిష్ పక్షాన గూర్ఖా దళాలు, భారత ఫిరంగి దళం ఉన్నాయి. మన సైనికుల పాత్రను ప్రపంచ స్థాయి గేము ఒకటి గుర్తించడం సంతోషకరం. ఒంటరిగా ఆడేటప్పుడు ఆటను మధ్యలో నిలిపి ఆజ్ఞలు ఇచ్చుకునే వీలు కూడా అందులో ఉంది. కానీ విడుదలైన కొత్తలో సాంకేతిక లోపాలతో విమర్శలు మూటగట్టుకున్న ఆ గేము, తరువాత మెరుగైనప్పటికీ, మొదటి భాగానికున్న ఏకాగ్రతను అందుకోలేదని నేననుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా మొదటి భాగమే. ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్‌కు అది భారమనిపించదు. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో దొరుకుతుంది, తరచుగా బాగా తగ్గింపు ధరకు వస్తుంది. కంప్యూటరు లేనివారి కోసం ఫెరల్ ఇంటరాక్టివ్ సంస్థ 2020లో ఐప్యాడ్‌కు, ఆ తరువాత ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్లకు దీన్ని తీసుకొచ్చింది. చిన్న తెర మీద దళాలను ఎంచుకోవడం కాస్త ఇబ్బందే కానీ, ట్యాబ్ మీద హాయిగా ఆడుకోవచ్చు. నేరుగా ఆన్‌లైన్ పోరులోకి దూకకుండా, ముందు కథను కారెంటాన్ వరకైనా పూర్తిచేయండి, ఆ తరువాత కంప్యూటరు ప్రత్యర్థితో ఇద్దరు ఆడే చిన్న మ్యాపులో అమెరికన్ పక్షాన నాలుగైదు ఆటలు ఆడండి. రిట్రీట్ మీట ఎక్కడుందో మాత్రం మొదటి రోజే చూసిపెట్టుకోండి: కంప్యూటరు కీబోర్డు మీద అది టీ అక్షరం.